ట్యాబ్ ఇస్తున్నరు సరే, పిల్ల రాసుకున్నది బయటికెట్ల వస్తది?

ఎడిటర్ గారికి నమస్తే,

పొద్దుగాల షాపు షటర్ లేపంగనే చాయ్ తోని మీ పేపర్ చదువుడు నాకు ఇరవై ఏండ్ల సంది అలవాటు. మొన్న ఆదివారం పిల్లల సదువులకు ట్యాబ్‌లు ఎట్ల పనికొస్తయో అర పేజీ వేసిన్రు. మంచిగనే రాసిన్రు, స్క్రీన్ ఎన్ని ఇంచులు, బ్యాటరీ ఎంత సేపొస్తది, పెన్ను ఇస్తరా ఇయ్యరా, అన్నీ ఉన్నయ్. కాని నా అసొంటోడు చూసేది వేరే. ఆ ట్యాబ్‌లకు యాప్‌లు ఎవరు పంపుతరు, పిల్లలు అండ్ల రాసుకున్నది రేపు బయటికి ఎట్ల తీస్కోవాలె, ఈ రెండు ముచ్చట్లు మీ వ్యాసంల ఒక్క లైన్ గూడ లేవు. ట్యాబ్‌ల మీద పైసలు పెట్టే తల్లిదండ్రులకు అసలు తెల్వాల్సినవి గీ రెండే అని నా బాధ, అందుకే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్న, కత్తిరించి వేసుకున్నా ఏమనుకోను.

మాది హన్మకొండల జిరాక్స్, డీటీపీ షాపు. 2002ల పెట్టినప్పుడు సాఫ్ట్‌వేర్ అంటే సీడీ. పేజ్‌మేకర్ సీడీ, అను ఫాంట్ల సీడీ, ప్రింటర్ డ్రైవర్ సీడీ, అన్నీ ఒక బిస్కెట్ల రేకు డబ్బాల పెట్టి బీరువ మీద పెడుతుంటి. సిస్టం ఖరాబైతే ఫార్మాట్ కొట్టుడు, డబ్బా దించుడు, ఒక్కొక్కటి మళ్ల ఎక్కిచ్చుకునుడు, ఒక పూట పని. బ్యాకప్ అంటే గూడ గంతే, డీ డ్రైవ్‌ల పెండ్లి పత్రికల ఫోల్డర్ ఉంటది, నెలకోసారి సీడీల రైట్ కొట్టి పైన మార్కర్ తోని తారీఖు రాసి పెడుదును. ఆ సీడీలల్ల కొన్ని ఇప్పటికీ చదువుతయ్, కొన్నింటి మీద బూజు పట్టినట్టు చుక్కలొచ్చినయ్, పోయినయ్. పోతే పోయినయ్, నేను సరిగ దాసుకోలేదు, తప్పు నాది. అయితే ఫైల్ మాత్రం నాదే ఉండె, ఏడికి తీస్కపోవాలన్నా కాపీ కొట్టి పేస్ట్ చేస్తే అయిపోయేది, ఎవ్వన్ని అడిగేది లేకుండె.

ట్యాబ్‌ల ఆ కథ లేదు. అండ్ల ఒక్కొక్క యాప్‌కు ఒక్కొక్క అర్ర ఉంటది, ఎవని తాళం వాని దగ్గరనే, పక్క అర్రలకు తొంగి చూసుడు గూడ నడువది. ఇది ఊకెనే పెట్టింది కాదు, దొంగ యాప్ ఒకటి లోపలికొచ్చినా పక్కనున్న బ్యాంకు యాప్ అర్రలకు పోకుండ ఉండాలని పెట్టిన్రు, మంచిదే. మునుపు ఫైల్ మేనేజర్ ఒకటి ఏసుకొని ఆండ్రాయిడ్, డేటా అని తవ్వుకుంట పోతే యాప్ దాసిపెట్టిన సామాన్ కొంత దొరికేది, నేనే ఎంతమందికి తీసిచ్చిన్నో. ఆండ్రాయిడ్ 11 వచ్చినంక, అంటే 2020 సంది, ఆ తలుపు గూడ మూసిన్రు. యాప్‌ల షేర్ అనో ఎక్స్‌పోర్ట్ అనో బటన్ ఉంటే నీ సామాన్ బయటికొస్తది, లేదంటే అండ్లనే ఉంటది. ఇల్లు నాదే, కొన్నది నేనే, అర్రల నా సామానే ఉన్నది, కాని తాళం చెవి మాత్రం నా దగ్గర లేదు, గిట్లుంటది.

ఇది నాకు సరిగ్గ సమజైంది మొన్న ఏప్రిల్‌ల. మా అక్క బిడ్డ ఇంటర్ రెండో సంవత్సరం బైపీసీ, హాస్టల్‌ల ఉండి సదివింది. కాలేజ్ పేరు ఎందుకు తియ్యి, ఒక్క కాలేజ్ ముచ్చట కాదిది. ఫీజుల్నే ట్యాబ్ పైసలు గూడ కట్టిచ్చుకున్నరు, మా బావ పరకాల నుంచి వచ్చి రెండు వాయిదాలల్ల కట్టిండు. పిల్లకు మస్తు సంబురం. రెండేండ్లు అండ్ల పెన్నుతోనే నోట్స్ రాసుకున్నది, గుండె బొమ్మ, నెఫ్రాన్ బొమ్మ, పూవును నిలువుగ కోసిన బొమ్మ, ఒక్కొక్కటి రంగులు మార్చి మార్చి గీసింది. దానికి చిన్నప్పటి సంది బొమ్మలంటే పిచ్చి. పరీక్షలైపోయినయ్, ముంగట నీట్ ఉన్నది. ఆ నోట్స్ యాప్ ఏమో మే నెలాఖరుకు బందైతదని మెసేజ్ వచ్చింది. ఇగ తమ్మున్ని ఎంబడి పెట్టుకొని ఒక ఆదివారం షాపుకొచ్చింది, "మామా, ఇండ్లకెల్లి నా నోట్స్ ప్రింట్ తియ్యరాదా" అని.

నాకేమో ఇది రెండు నిమిషాల పని అనిపిచ్చింది. కేబుల్ పెట్టిన, కంప్యూటర్ల ఏం కనవడతలేదు, చార్జింగ్ ఒక్కటే ఎక్కుతున్నది. బ్లూటూత్ చూసిన, ఆ బటన్ నొక్కుతే కదలదు. పెన్‌డ్రైవ్ గుచ్చిన, గుర్తు పట్టలే. దాని జీమెయిల్ ఎక్కిచ్చి డ్రైవ్‌ల ఎయ్యమంటే అకౌంట్ యాడ్ అన్నకాడ అక్షరాలు బూడిద రంగుల ఉన్నయ్, ప్లే స్టోర్ గుర్తే లేదు. పోనీ స్క్రీన్‌షాట్ అన్న తీద్దమంటే "మీ అడ్మిన్ అనుమతించలేదు" అని కింద ఒక పట్టీ వచ్చింది. అడ్మిన్ ఎవడు? అప్పటిదాక ట్యాబ్ మా పిల్లదనుకున్నం.

కాలేజ్ ఆఫీసుకు ఫోన్ కొట్టిన. ఒక పిలగాడు ఎత్తిండు, పాపం మర్యాదగనే మాట్లాడిండు. "లాక్ తియ్యాలంటే రీసెట్ కొట్టాలె సార్" అన్నడు. రీసెట్ కొడితే నోట్స్ ఉంటదా అంటే "ఉండదు సార్, ట్యాబ్‌ల పోతది, సర్వర్ల ఉంటది" అన్నడు. మరి సర్వర్లకెల్లే ఇయ్యిన్రి, పెన్‌డ్రైవ్ నేనే తెస్త అన్న. "ఆ ఆప్షన్ లేదు సార్." ఇంక ఏం అడుగుత.

ఏం జేసినమంటే, చెప్తే నవ్వుతరు. ట్యాబ్‌ను కౌంటర్ మీద పడుకోబెట్టినం, పిల్ల ఒక్కొక్క పేజీ జరుపుతాంటే దాని తమ్ముడు ఫోన్ తోని పైకెల్లి ఫోటో కొట్టిండు. స్క్రీన్‌షాట్ ఆపొచ్చు గని ఎదురుంగ నిలబడ్డ ఫోన్‌ను ఏ అడ్మిన్ ఆపుతడు. మొదటి ఇరవై పేజీల మీద ట్యూబ్‌లైట్ తెల్లగ కట్టె లెక్క పడ్డది, అది బంద్ చేసినం, షటర్ సగం దించినం, గిరాకీ అంత షాపు మూసిన్రా అన్నా అని అడుగుకుంట పోతున్నరు. 210వ పేజీ కాడ పిలగాని ఫోన్ నిండింది, చూస్తే మొత్తం వాట్సాప్ గుడ్ మార్నింగ్ ఫోటోలు, వాళ్ల నాయినమ్మ పంపినయ్, అవి తీసేసి మళ్ల షురూ చేసిన్రు. మొత్తం 386 పేజీలు, మధ్యాహ్నం రెండింటికి కూసుంటే చీకటి పడ్డది. తర్వాత కంప్యూటర్ల ఏసుకొని ఒక్కొక్కటి కోసి, వంకరున్నవి సక్కగ చేసి, బ్లాక్ అండ్ వైట్ల ప్రింట్ తీస్తే గుండె బొమ్మ కాడ ఎర్ర నాళం ఏదో నీలి నాళం ఏదో తెలుస్తలేదు, రెండూ ఒక్క తీరే బూడిద. ఇగ బొమ్మల పేజీలన్ని విడిగ కలర్ల తీసి మధ్యల పెట్టి స్పైరల్ కొట్టిచ్చినం. రెండేండ్లు ట్యాబ్‌ల సదివిన పిల్ల ఆఖరికి కాయితాల కట్ట సంకల పెట్టుకొని పోయింది.

ఎడిటర్ గారు, నేను చెప్పేది ఒక్కటే ముచ్చట. లోపలికి యాప్ పంపే గేటు ఎవని చేతుల ఉంటదో, నీ సామాన్ బయటికి పోయే గేటు గూడ వాని చేతులనే ఉంటది. ఈ రెండు వేరే వేరే సంగతులని జనం అనుకుంటరు, యాప్ స్టోర్ ఒకటి, బ్యాకప్ ఒకటి అని. కాదు, రెండూ ఒక్కటే గేటు. ఆ ట్యాబ్‌ల ప్లే స్టోర్ ఎవడు తీసేసిండో వాడే జీమెయిల్‌ను గూడ ఆపిండు, వాడే కేబుల్‌ను గూడ ఆపిండు. పిల్లలు గేమ్‌లు ఆడుతరని తాళం ఏసిన్రు, అది నాకు గూడ ఇష్టమే, ఇన్‌స్టాలు రీల్స్ లేకుండ సదువుకుంటే మంచిదే కద. గేమ్ లోపలికి రాకుండ ఏసిన తాళమే నోట్స్ బయటికి పోకుండ గూడ ఆపింది, ఆ సంగతి పైసలు కట్టే రోజు మాకు ఎవ్వడు చెప్పలే.

ఈ గేటు అన్ని ట్యాబ్‌లకు మొదటి సంది ఉన్నదే. యాపిల్ వాళ్లు ఐఫోన్ కోసం యాప్ స్టోర్ తెరిచింది 2008 జూలైల, ఐప్యాడ్ వచ్చింది 2010ల, అది పుట్టంగనే ఆ దుకాణం దానికి కట్టే ఉండె, వేరే కాడికెల్లి ఏసుకునుడు లేదు. గూగుల్ వాళ్ల ఆండ్రాయిడ్ మార్కెట్ గూడ 2008ల్నే వచ్చింది, 2012ల ప్లే స్టోర్ అని పేరు మార్చిన్రు. ఐప్యాడ్ మొదట్ల ఇంకో కథ, కొత్తది కొంటే ఫస్ట్ కంప్యూటర్‌కు కేబుల్ పెట్టి యాపిల్ వాళ్ల సాఫ్ట్‌వేర్ ఐట్యూన్స్‌ల చూపియ్యాలె, లేకుంటే స్టార్ట్ కాకపోయేది, బ్యాకప్ గూడ ఆ కంప్యూటర్ల్నే పడేది. జనం దాన్ని మస్తు తిట్టిన్రు, ఆ తిప్పలేందని. 2011 అక్టోబర్ల ఐక్లౌడ్ వచ్చింది, బ్యాకప్ నెట్ మీదనే యాపిల్ వాళ్ల సర్వర్లకు పోవుడు షురువైంది, కేబుల్ పని తప్పింది, అందరు సంబురపడ్డరు. ఇప్పుడు ఎనుకకు తిరిగి చూస్తే ఆ కేబుల్ తోని ఒక మంచుండె, బ్యాకప్ ఫైల్ మన ఇంట్ల, మన కంప్యూటర్ల ఉండేది. ఇప్పటికీ కావాలంటే అట్ల తీస్కోవచ్చు గని ఎవ్వరు తీస్తలేరు, ఇండ్లల్ల కంప్యూటరే ఉంటలేదు.

మన ఆకాశ్ ట్యాబ్ మీకు యాదికున్నదా? 2011 అక్టోబర్ 5న ఢిల్లీల విడుదల చేసిన్రు, ఫిట్టింగ్ మాత్రం మన హైదరాబాద్‌ల్నే. ఏడించుల స్క్రీన్, 256 ఎంబీ ర్యామ్. పేదోళ్ల పిల్లలకు సర్కారు చవకగ ఇచ్చే ట్యాబ్ అని ఊరంత ముచ్చట. అండ్ల గూగుల్ వాళ్ల మార్కెట్ లేకుండె, గెట్‌జార్ అని వేరే దుకాణం పెట్టిచ్చిన్రు, పక్కింటోని ఫోన్‌ల ఉన్న యాప్ ఇండ్ల దొరికే గ్యారంటీ లేదు. ఇప్పుడు గూడ అమెజాన్ ఫైర్ ట్యాబ్ తీస్కుంటే అండ్ల ప్లే స్టోర్ ఉండదు, అమెజాన్ దుకాణమే. అంటే నువ్వు ట్యాబ్ ఒక్కటే కొంటలేవు, దుకాణాన్ని గూడ కట్టుకుంటున్నవ్, ఆ దుకాణపోడు ఉన్నన్ని దినాలు ఆని తోనే సంసారం.

ఆ దుకాణంల నుంచి ఒక యాప్ పోతే ఏమైతదో మన దగ్గర రెండు సార్లు చూసినం. 2020 జూన్ 29 నాడు కేంద్రం 59 చైనా యాప్‌లు బంద్ పెట్టింది. టీవీలన్ని టిక్‌టాక్ టిక్‌టాక్ అని ఒర్లినయ్, మా జిరాక్స్ షాపులోళ్లకు మాత్రం దెబ్బ వేరే కాడ తగిలింది, ఆ లిస్టుల్నే షేర్ఇట్ ఉన్నది, జెండర్ ఉన్నది, క్యామ్‌స్కానర్ ఉన్నది, ఈఎస్ ఫైల్ ఎక్స్‌ప్లోరర్ గూడ ఉన్నది. అంటే ఒక ఫోన్ల నుంచి ఇంకో దాంట్లకు సామాన్ మోసే బండ్లన్ని ఒక్క రాత్రి ఆగినయ్. సర్టిఫికెట్లు క్యామ్‌స్కానర్ల పెట్టుకున్నోళ్లు తెల్లారే లైన్ కట్టిన్రు, అన్నా ఇప్పుడెట్ల అని. సర్కారు చేసింది తప్పని నేనంటలేను, దేశం ముచ్చట పెద్దది. ఇంకోటి 2024 మార్చి 1న, యాప్ కంపెనీలు ప్లే స్టోర్‌కు కట్టే ఫీజు లొల్లి మీద గూగుల్ వాళ్లు మన దేశపు కంపెనీల యాప్‌లు ప్లే స్టోర్ల నుంచి తీసేసిన్రు, నౌకరీ యాప్, భారత్ మ్యాట్రిమోనీ అసొంటివి, మంత్రి మాట్లాడినంక కొద్ది రోజులల్ల మళ్ల పెట్టిన్రు. అంత పెద్ద కంపెనీలకే గట్లయితే, మన పిల్లల నోట్స్ యాప్ ఏ పాటిది.

మునుపు ఒక యాప్ నా దగ్గర ఉంటే షేర్ఇట్ల నీకు పంపుదును, ఫైల్ ఒక్కటే ఉండేది, ఇటు పంపంగనే అటు ఎక్కేది. 2021 ఆగస్టు నుంచి ప్లే స్టోర్ల కొత్త యాప్‌లు వేరే తీరు పెట్టాలె, కంపెనీ ఒక మూట ఇస్తే అండ్లకెల్లి నీ ట్యాబ్ సైజుకు, నీ భాషకు, నీ చిప్‌కు కావల్సిన ముక్కలే గూగుల్ తీసి పంపుతది. డేటా తక్కువ ఖర్చైతది, మంచిదే. కాని ఆ ముక్కలను నువ్వు ఇంకో ట్యాబ్‌ల ఎయ్యాలంటే సక్కగ కూసోవు, మళ్ల దుకాణానికే పోవాలె.

అట్లని గేటే వద్దంటనా? అననే అనను. నేను పెండ్లి పత్రికలు కొట్టేటోన్ని, ఈ నడుమ వాట్సాప్‌ల పెండ్లి పత్రిక డాట్ ఏపీకే అని ఒకటి తిరుగుతున్నది, ట్రాఫిక్ చలాన్ డాట్ ఏపీకే అని ఇంకోటి. ఏపీకే అంటే యాప్ ఎక్కిచ్చే ఫైల్. నొక్కుడే ఆలస్యం, మెసేజ్‌లు చదివే పర్మిషన్ అడుగుతది, ఓటీపీలు దొంగలకు పోతయ్. నా దగ్గర పత్రిక కొట్టిచ్చుకున్న ఒకాయన నిజమైన పత్రిక పంపుతే గూడ సుట్టాలు భయపడి తెరుస్తలేరంట, నాకు ఫోన్ చేసి లొల్లి. అయ్యా, నా పత్రికలు పీడీఎఫ్‌ల పోతయ్, లేకుంటే ఫోటో పోతది, పెండ్లి పత్రికకు ఇన్‌స్టాల్ చేసే పనేముంటది. అసొంటిది ఎవరన్న నొక్కి పైసలు పోతే ఎంబడే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ కొట్టాలె, ఇది మాత్రం మీరు ఎన్నిసార్లు వేసినా తక్కువే. గందుకనే గేటు కాడ వాచ్‌మన్ ఉండుడు మంచిదే అంటున్న. వాచ్‌మన్ దొంగను ఆపాలె, ఇంటోళ్లు బియ్యం మూట మోసుకొని బయటికి పోతాంటే ఆపొద్దు.

ఇగ బ్యాకప్ సంగతి. షాపుకొచ్చే పదిమందిల తొమ్మిది మంది "గూగుల్ల ఉంటది గద అన్నా" అంటరు. ఉంటది, కాని ఏమేం ఉంటది? ఆండ్రాయిడ్ తనంతల తాను చేసే బ్యాకప్‌ల ఒక్కొక్క యాప్‌కు 25 ఎంబీ దాకనే జాగ, ఆ యాప్ చేసినోడు వద్దనుకుంటే అది గూడ ఉండదు. పెన్నుతోని రాసిన రెండేండ్ల నోట్స్ 25 ఎంబీల ఏ మూలకు సరిపోతది. పైంగ ఆ ట్యాబ్ 57 రోజులు వాడకపోతే దాని బ్యాకప్ తీసేస్తరు, అంటే ఇంచుమించు ఒక ఎండకాలం సెలవులు, పరీక్షలైనంక బీరువల పెట్టి మళ్ల జూన్ల తీద్దమనుకునే ట్యాబ్‌కు సరిగ్గ సరిపోయే లెక్క. ఐప్యాడ్‌కు ఐక్లౌడ్ బ్యాకప్ బంద్ పెడితే ఆఖరుది 180 రోజులు ఉంచుతరు. గూగుల్ 15 జీబీ ఊకెనే ఇస్తది, అండ్ల మెయిల్, ఫోటోలు, డ్రైవ్ అన్ని కలిపే, 2021 జూన్ దాక సైజు తగ్గిచ్చి పెట్టే ఫోటోలకు లెక్క లేకుండె, ఇప్పుడున్నది, 2024 సంది ఆండ్రాయిడ్ వాట్సాప్ బ్యాకప్ గూడ అండ్ల్నే పడుతున్నది. ఐక్లౌడ్ ఊకెనే ఇచ్చేది 5 జీబీ. 2011ల గూడ 5, ఇప్పుడు గూడ 5. మొదటి ఐప్యాడ్ తక్కువల తక్కువ 16 జీబీతోని వచ్చేది, ఇప్పుడు మామూలు ఐప్యాడే 128 జీబీ. ట్యాబ్ ఎనిమిదంతలైంది, ఊకెనే ఇచ్చే జాగ ఉన్నకాడనే ఉన్నది, ఎందుకో మీరే సోచాయించున్రి.

ఇండ్ల ఇంకో మర్మం ఉన్నది, సింక్ వేరు బ్యాకప్ వేరు, ఇది చెప్పంగ చెప్పంగ నా నోరు పోతది. కాజీపేట నుంచి ఒక రిటైర్డ్ సార్ వస్తడు, ఏండ్ల కింద నాకు లెక్కలు చెప్పిండు. కొడుకు అమెరికాకెల్లి పంపిన ట్యాబ్ ఉన్నది, అండ్ల సారు వాళ్లింటామె ఫోటోలు, మేడారం జాతరల నిలువెత్తు బంగారం తూకమేసేటప్పటియి, వెయ్యి స్తంభాల గుడికాడయి. ఆమె ఇప్పుడు లేదు. జాగ నిండిందని ట్యాబ్ రోజు మెసేజ్ ఇస్తాంటే, పైన క్లౌడ్ల ఉన్నయ్ గద అని సారు ట్యాబ్‌ల ఉన్న ఫోటోలు ఒక్కొక్కటే తీసేసిండు. పైన గూడ పోయినయ్. సింక్ అంటే అద్దం సార్, నువ్వు నిలబడితే అండ్ల కనవడతవ్, పక్కకు జరిగితే అండ్లకెల్లి గూడ పోతవ్, బ్యాకప్ అంటే ఫోటో, నువ్వు పోయినా అది ఉంటది, అని చెప్పిన. సారు ఏం మాట్లాడలే, టోపీ తీసి కౌంటర్ మీద పెట్టిండు. అదృష్టం మంచిగుండి పన్నెండో రోజే వచ్చిండు, తీసేసిన ఫోటోలు చెత్తబుట్టల కొన్ని దినాలు ఉంటయ్ గద, ఐక్లౌడ్ల అయితే 30 రోజులు, గూగుల్ ఫోటోస్ల పైకి ఎక్కినయైతే 60 రోజులు, అండ్లకెల్లి అన్నీ ఎనుకకు తెచ్చినం. అటెన్క పెన్‌డ్రైవ్‌ల ఒకటి, మా కంప్యూటర్ల ఒకటి ఏసిన, ఓ పది ఫోటోలు ప్రింట్ గూడ తీసిచ్చిన, పైసలు ఇయ్యబోతే తీస్కోలే. ఐప్యాడ్‌లకు గూడ 2019 సంది పెన్‌డ్రైవ్ పెట్టి ఫైల్స్ యాప్‌ల నుంచి కాపీ కొట్టుకోవచ్చు, ఈ ముచ్చట చానామందికి తెల్వదు.

చట్టంల ఏమన్న ఉన్నదా అని అడిగితే మా పక్క షాపు వకీల్ సాబ్ ఒకటి చెప్పిండు, నేను గూడ చూసిన. 2019ల పార్లమెంట్ల పెట్టిన డేటా బిల్లుల నీ డేటాను మూట కట్టి నీకే ఇయ్యాలె, కావాలంటే ఇంకో కంపెనీకి గూడ తీస్కపోవచ్చు అని ఒక హక్కు రాసి ఉండె. 2023ల చట్టం అయి వచ్చేసరికి ఆ హక్కు అండ్ల లేదు. నీ గురించి ఏమేం ఉన్నదో అడగొచ్చు, తప్పుంటే దిద్దమనొచ్చు, తుడిసెయ్యమనొచ్చు అని అండ్ల రాసి ఉన్నది, మూట కట్టియ్యమనే మాట మాత్రం పోయింది. తుడిసెయ్యమని అడిగే హక్కు మా పిల్లకు ఏం అక్కర? తుడుస్తం అని వాళ్లే అంటున్నరు కద.

చట్టం ఎప్పుడో మారుతది, మారకపోనూ పోతది, అది నా చేతుల లేదు. ఈ ఊర్లె జూన్ల కాలేజ్‌లు మళ్ల తెరుస్తరు, నయీంనగర్ల, సుబేదారిల, భీమారంల ప్రతి గోడ మీద ఫ్లెక్సీలు కడుతరు, సగం ఫ్లెక్సీల మీద ట్యాబ్ ఫ్రీ అని ఉంటది, ఫ్రీ ఏం లేదు, ఫీజుల్నే ఉంటది. నర్సంపేట, ములుగు, భూపాలపల్లి దిక్కుకెల్లి పత్తి అమ్మిన పైసలు, మిర్చి అమ్మిన పైసలు పట్టుకొని తల్లిదండ్రులు వస్తరు. వాళ్లు కౌంటర్ కాడ కూసున్నప్పుడు అడగాల్సింది ఎక్కువేం లేదు. పిల్ల అండ్ల రాసుకున్నది పీడీఎఫ్ చేసి బయటికి తీసే బటన్ ఉన్నదా, ఉంటే ఇప్పుడే తీసి చూపియ్యిన్రి అనాలె, నోటి మాట వద్దు, ఎదురుంగ తీసి చూపియ్యాలె. కోర్సు అయిపోయిన రోజు లాక్ ఎవరు తీస్తరు, నోట్స్ పోకుండ తీస్తరా పోయినంక తీస్తరా. యాప్ బందైన తర్వాత ట్యాబ్‌ల మామూలు ప్లే స్టోర్ వస్తదా, లేకుంటే కూరగాయలు కోసుకునే పలక అయితదా. ఇంతే. దీనికి సక్కగ జవాబు చెప్పిన కాలేజ్ ఉంటే నేనే పదిమందికి చెప్త, అసొంటియి ఉంటయ్ గూడ, అందరు ఒక్క తీరు ఉండరు. పిల్లలకు గూడ ఒకటి చెప్పాలె, బొమ్మలేసిన పేజీలన్న వారానికోసారి పీడీఎఫ్ తీసి వాళ్ల సొంత మెయిల్‌కు పంపుకోమని, ఆ దారి కాలేజ్ తెరిచి పెడితే.

మీరు మే నెల ఆఖర్ల అడ్మిషన్ల మీద స్పెషల్ పేజీ వేస్తరు గద, అండ్ల ఫీజుల పట్టిక పక్కన ఒక చిన్న డబ్బా కట్టి ఈ మూడు ప్రశ్నలు వెయ్యున్రి, పేజీ మధ్యల వద్దు, మూలకు వేస్తే కత్తిరిచ్చుడు అల్కగుంటది. నేను దాన్ని పెద్దగ జిరాక్స్ తీసి షాపు అద్దానికి లోపలికెల్లి అతికిస్త, వానకు తడువకుండ. కాలేజ్‌లకు తీస్కపోతమని అడిగినోళ్లకు కాపీ ఫ్రీగనే ఇస్త.

ఇట్లు,
మీ పాత పాఠకుడు, ఒక జిరాక్స్ షాపాయన,
హన్మకొండ